రేవుకి దిగే దారి

ఏడాదికి 8 కోట్ల టన్నులకు పైగా సరుకు దాటే విశాఖ రేవులో, మామూలు మనిషి నీళ్ల దాకా వెళ్లి నిలబడగలిగే చోట్లు ఎన్ని మిగిలాయి? వన్‌టౌన్ కొండ మీద నుంచి చేపలరేవు దాకా వాటిని వెతుక్కుంటూ సాగిన నడక ఇది.

రాస్‌హిల్ ఎక్కేటప్పుడు సగం దారిలో అందరూ ఆయాసం తీర్చుకోవడానికి ఆగుతారు. మా నాన్న నన్ను అక్కడ ఓడ కోసం ఆపేవారు. ఆదివారం పొద్దున్న, ఎండ ఇంకా ఎక్కకముందు, పిట్టగోడకు ఆనించి నిలబెట్టి సముద్రం వైపు చెయ్యి చాచేవారు. "అదుగో, పైలట్ బోటు వచ్చీసింది. ఎనకాలే పెద్దది వస్తాది, సూడు."

ముందు డాల్ఫిన్ నోస్ కొండ చాటు నుంచి ఓడ ముక్కు కనబడేది. ఆ తర్వాత ఎంతసేపు చూసినా ఓడ వస్తూనే ఉండేది. ముందొక టగ్గు, వెనకొక టగ్గు, ఎవరో పెళ్లికూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నట్టు మెల్లగా. ఇటు రాస్‌హిల్, అటు డాల్ఫిన్ నోస్, మధ్యలో సన్నటి నీటి దారి. డెక్ మీద మనిషి చెయ్యి ఊపితే కనబడేంత దగ్గర. నేనూ ఊపేవాణ్ణి. ఓడ కడుపు దగ్గరి ఎర్రరంగు పైకి తేలి ఉంటే ఖాళీగా వస్తోందని, ఆ ఎరుపు నీళ్లలో మునిగి ఉంటే నిండుగా వస్తోందని నాన్న చెప్పేవారు. నాకు తెలిసిన మొదటి చదువు అది. అక్షరాలు ఆ తర్వాతే వచ్చాయి.

పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఇంకోదాని మీద వేంకటేశ్వరస్వామి. రాస్ అనే దొర 1864లో ఇల్లు కట్టుకున్న కొండ కాబట్టి మొదటిదానికి ఆ పేరు. ఆ ఇల్లే తర్వాత ప్రార్థనాలయమైంది. రేవులోకి వచ్చే ఓడలు దర్గాకు దండం పెట్టుకుని గానీ లోపలికి రావని వన్‌టౌన్‌లో ముసలివాళ్లు చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా, ఒక సంగతి మాత్రం కంటికి కనబడుతుంది. ఓడలు లోపలికి వచ్చే దారిని టిక్కెట్టు లేకుండా, పాసు లేకుండా, ఎవరినీ బతిమాలకుండా చూడగలిగే చోట్లలో ఇంత దగ్గరివి ఈ మూడే. ఊరికి తన రేవును చూపించే పని ముగ్గురు దేవుళ్లు పంచుకున్నారు. కొండ దిగాక మాత్రం గోడ మొదలవుతుంది.

మాటలోనే ఉంది దారి

తెలుగులో రేవు అనే మాటను కాసేపు చేతిలో పట్టుకుని చూడాలి. చాకిరేవు, స్నానాల రేవు, పడవల రేవు, ఓడరేవు. ఏ రేవైనా అర్థం ఒకటే: నేల మీది మనిషి నీళ్లలోకి దిగే చోటు. ఊళ్లో చెరువుకి రేవు ఉంటుంది, కాలవకి ఉంటుంది, గోదావరికి అడుగడుగునా ఉంటుంది. రేవు లేని చోట నీళ్లు ఉన్నా మనవి కావు, ఎందుకంటే దిగలేం. మన పూర్వీకులు ఓడలు ఆగే చోటుకి కూడా ఈ మాటనే వాడారు. దిగడానికి వీల్లేని రేవు అనే ఊహ ఈ భాషకు తెలియదు.

విశాఖలో ఆ మాట చాలాకాలం నిజంగానే చెల్లింది. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. మసూలా పడవలు కెరటాలను దాటుకుంటూ సరుకును, మనుషులను మోసేవి. కొబ్బరిపీచు తాడుతో కుట్టిన ఆ పడవల్లో మేకు ఉండదు, అందుకే కెరటం విసిరినా విరగవు, వంగుతాయి. ఇసుక మీదే బేరాలు, ఇసుక మీదే కూలి లెక్కలు. ఆ రోజుల్లో ఊరికీ రేవుకీ మధ్య గోడ కట్టాలంటే ఎక్కడ కడతారు?

మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రం దాకా దగ్గరి దారి కావాల్సి వచ్చినప్పుడు కథ మారింది. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఉప్పుటేరు, బురదనేల ఉండేవి. వాటిని తవ్వి లోపలి రేవు చేశారు. డాల్ఫిన్ నోస్ కొండ దక్షిణం నుంచి వచ్చే గాలికి, అలకు అడ్డం నిలిచింది. అది చాలక, రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచేసి అలకట్ట చేశారు. 1933 అక్టోబర్ 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ అనే ఓడ మొట్టమొదట లోపలికి వచ్చింది. డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించారు. అప్పటికి మూడే బెర్తులు. ఏడాదికి 1.3 లక్షల టన్నుల సరుకు. ఇప్పుడు అంత సరుకు ఒక్క పెద్ద ఓడలో పడుతుంది.

ఆ రేవుతో ఈ ఊరు బతికింది, దాని కోసం భయపడింది కూడా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు రేవు మీద బాంబులు వేస్తే ఊరికి ఊరు మూటలు కట్టుకుని పల్లెలకు పోయింది. అంతకు ముందటి ఏడాది, 1941 జూన్‌లో, బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా ఓడల కార్ఖానాకు పునాదిరాయి వేశారు. 1948 మార్చిలో అక్కడ తయారైన జల ఉషను నెహ్రూ నీళ్లలోకి దింపారు. ఆ కార్ఖానా హిందుస్తాన్ షిప్‌యార్డ్‌గా మారి దశాబ్దాలు దాటినా, సిటీబస్సు కండక్టరు ఇవాళ్టికీ "సింధియా, సింధియా" అనే కేకేస్తాడు. ఊరు అంత తేలిగ్గా తన రేవును మరిచిపోదు.

1976లో బయటి రేవు వచ్చింది. బైలదిల్లా కొండల్లోంచి కొత్తవలస–కిరండూల్ రైలుదారి మీదుగా దిగే ఇనుప ఖనిజాన్ని పెద్ద ఓడల్లో జపాన్‌కు పంపడం దాని పని. వన్‌టౌన్‌కు తూర్పున ఊరికీ సముద్రానికీ మధ్య అలకట్టలు, బెల్టులు, ఖనిజపు గుట్టలు లేచాయి. 2003లో కంటైనర్ టెర్మినల్ వచ్చింది. సముద్రపు గాలి కోసం కట్టించుకున్న మేడలకు ఎదురుగా క్రేన్లు నిలబడ్డాయి. కోటవీధిలో, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో నడుస్తుంటే ఇప్పటికీ సముద్రం వాసన వస్తుంది. సముద్రం మాత్రం కనబడదు.

కంచె ఎందుకు వచ్చిందో

గోడలన్నీ అక్కర్లేదని అంటే నేను ఈ ఊరి మనిషిని కాను. 1997 సెప్టెంబర్ 14 తెల్లవారుజాము ఈ ఊళ్లో నలభై దాటినవారందరికీ గుర్తుంది. ఓడ నుంచి వచ్చే వంటగ్యాసు రిఫైనరీ ట్యాంకుల్లోకి ఎక్కుతుండగా లీకై అంటుకుంది. పదుల మంది పోయారు. ఊరంతా కట్టుబట్టలతో పరుగెత్తింది. ఈ రేవులో అమ్మోనియా దిగుతుంది, ముడిచమురు దిగుతుంది. డాల్ఫిన్ నోస్ కొండ కడుపులోనే 60 వేల టన్నుల వంటగ్యాసు పట్టే గుహ ఉంది. దేశంలో అలాంటిది అదే మొదటిది. పక్కనే తూర్పు నౌకాదళం కేంద్రం. ఇన్ని ఉన్నచోట పిల్లల్ని తీసుకుని ఎవరైనా ఎటైనా వెళ్లవచ్చని ఏ బుద్ధిమంతుడూ అనడు.

దానికి తోడు 2004 జూలై 1 నుంచి ప్రపంచంలోని రేవులన్నింటికీ ఒకే భద్రతా నియమావళి వచ్చింది. న్యూయార్క్ జంట భవనాల మీద దాడి తర్వాత అంతర్జాతీయ సముద్రయాన సంస్థ తెచ్చిన నియమాలవి. విదేశీ ఓడ ఆగే ప్రతి చోటా కంచె, గేటు, గుర్తింపు కార్డు, కెమెరా ఉండాలి. పాటించని రేవుకు ఓడలు రావడం కష్టం. గేటు దగ్గర నిలబడ్డ జవాను మన మీద కోపంతో ఆపడంలేదు, ఆ నియమాల కోసం ఆపుతున్నాడు.

కానీ నియమావళి కోరింది ఓడకూ, బెర్తుకూ రక్షణ. ఊరికి ఎక్కడా నీళ్లు కనబడకూడదని అందులో ఎక్కడా లేదు. దీనికి రుజువు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఈ తీరంలో అన్నిటికన్నా గుట్టుగా ఉండాల్సింది నౌకాదళం. ఆ నౌకాదళమే డిసెంబర్ 4 నేవీ డే సందర్భంలో యుద్ధనౌకల మీదికి బడిపిల్లల్ని ఎక్కిస్తుంది, రామకృష్ణా బీచ్ ముందు లక్షమంది చూస్తుండగా విన్యాసాలు చేస్తుంది. రిటైరైన కురుసుర జలాంతర్గామిని 2002లో ఇసుక మీదికి లాక్కొచ్చి మ్యూజియం చేసి ఇచ్చింది. ఆ ఇరుకు గొట్టంలో వంగి నడిచిన పిల్లవాడు నౌకాదళం అంటే ఏమిటో జన్మలో మరవడు. తుపాకులున్న చోట వీలైనది, బొగ్గు, ఎరువులు, కంటైనర్లు ఉన్నచోట ఏదో ఒక మూల, ఏదో ఒక వేళ, ఎందుకు వీలుకాదు?

మనం నడిచే ఇసుక

ఈ ఊళ్లో చాలామంది అంటారు: మనకు రేవు లేకపోతేనేం, బీచ్ ఉందిగా. కోస్టల్ బ్యాటరీ నుంచి భీమిలి దాకా ఇంత తీరం తెరిచి ఉన్న నగరం దేశంలో ఇంకెక్కడుంది? పొద్దున్నే వాహనాలు ఆపేసి నడకకు వదిలేసిన బీచ్‌రోడ్డు ఇంకెక్కడుంది? నిజమే. అయితే ఆ బీచ్‌కీ ఈ రేవుకీ ఉన్న చుట్టరికం తెలిస్తే ఆ మాట అంత నిబ్బరంగా అనలేం.

మన తీరంలో ఇసుక ఒకచోట ఉండదు. మార్చి నుంచి అక్టోబర్ దాకా, నైరుతి రుతుపవనాల కాలంలో ముఖ్యంగా, అలలు ఒడ్డును ఏటవాలుగా కొడతాయి. కొట్టినప్పుడల్లా గుప్పెడు ఇసుకను ఉత్తరానికి జరుపుతాయి. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది గానీ లెక్క మొత్తం మీద ఉత్తరం వైపే. ఇలా ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఒడ్డు వెంబడి యాత్ర చేస్తుంది. 1950లలో ఆంధ్రా విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ మన ఆచార్యులతో, విద్యార్థులతో కలిసి ఈ సముద్రాన్ని చదివారు. ఇక్కడి కడలి అడుగున ఉన్న లోయలకు ఆంధ్రా, కృష్ణా, మహదేవన్ అని పేర్లు వచ్చాయి. మహదేవన్ లోయ పేరు భూగర్భ శాస్త్రాచార్యులు సి.మహదేవన్ గారిది. అంత లోతుగా తెలుసుకున్న తీరం ఇది.

ఆ ఇసుక యాత్రకు రేవు అడ్డం నిలిచింది. అడ్డం నిలవకపోతే ఇసుక వచ్చి ఓడల దారిని పూడ్చేస్తుంది. అందుకే అలకట్ట దగ్గర ఇసుక చేరే గొయ్యి తవ్వి ఉంచారు. దక్షిణం నుంచి వచ్చింది అందులో పడుతుంది. ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్‌కు చేరవలసిన ఇసుక చేరదు. పుట్టింటి నుంచి రావలసింది రాక బీచ్ చిక్కిపోతుంది. అప్పుడు డ్రెడ్జర్ ఆ గొయ్యిలోంచి ఇసుకను తోడి, గొట్టాల్లో బీచ్ మీదికి పోస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఒడ్డును కొరికేసిన తర్వాత ఈ పని విలువ ఊరికి బాగా తెలిసింది.

అంటే సాయంత్రం పిల్లలు ఇళ్లు కట్టుకునే ఇసుకలో కొంత రేవు తోడి పోసినదే. ఏ ఏడు ఎంత పొయ్యాలి, ఎక్కడ పొయ్యాలి, ఒక ఏడు పొయ్యకపోతే ఏమవుతుంది అన్నవి రేవు గోడ లోపల తీసుకునే నిర్ణయాలు. బీచ్ ఊరిది, రేవు సంస్థది అని మనం గీసుకున్న గీత సముద్రానికి తెలియదు. అటువైపు ఏం జరుగుతోందో కంటితో చూసే అలవాటు ఊరికి లేకపోతే, ఇటువైపు ఇసుక ఎందుకు పోయిందో కూడా దానికి అర్థంకాదు. నా ఆరాటమంతా ఇక్కడిదే.

మద్రాసులో జరిగింది ఇంకా పెద్ద పాఠం. అక్కడ రేవు కట్టాక దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా అంత వెడల్పైన బీచ్ ఏర్పడింది. ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఇళ్ల మీదికి వచ్చింది. రాళ్లు పోసుకుంటూ బతికారు. ఒకే రేవు ఒక పేటకు షికారు, ఇంకో పేటకు కోత. ఆ ఉత్తర మద్రాసు పేటల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో.

ముందు వేటకెళ్లేవాళ్లు

రేవుకు ఆనుకుని నీళ్లదాకా వెళ్లగలిగే అసలైన చోటు చేపలరేవు. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లాలి. జెట్టీల మీద పాదం పెట్టే సందు ఉండదు. మరబోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని పది వరసలు. బుట్టలు చేతులు మారుతుంటాయి, కోనాం ఒకవైపు, రొయ్యలు ఒకవైపు, ఐసు పొడి ఒకవైపు. పాటదారు గొంతు, సరంగు గొంతు, వీటన్నిటికీ పైన చేపలమ్మే ఆడవాళ్ల గొంతు. ఇక్కడికి ఎవరైనా రావచ్చు. కిలో చేపలు కొనుక్కోవచ్చు. నేలంతా తడి, వాసన, తోపులాట. అయినా ఈ రేవులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, ఎందుకంటే ఇక్కడ పనీ జనమూ ఒకరికొకరు అడ్డం కాకుండా ఎలా సర్దుకోవచ్చో రోజూ కనబడుతుంది.

2023 నవంబర్ 19 రాత్రి ఇక్కడ మంటలు లేచాయి. నలభై దాకా పడవలు దెబ్బతిన్నాయి. డీజిలు, గ్యాసు సిలిండర్లు, వలలు, ఫైబరు. ఒకదాని నుంచి ఇంకోదానికి నిప్పు గెంతింది. కట్లు తెంచి కొన్నిటిని నీళ్లలోకి వదిలేస్తే గాలి మళ్లీ వాటిని తోటి పడవల మీదికే తెచ్చింది. ఒక మరబోటంటే లక్షల రూపాయలు, దాని మీద పదిమంది కళాసీలు, వాళ్ల వెనక పది ఇళ్లు.

నీటి ఒడ్డు జనానికి తెరవాలి అన్నప్పుడు మొదట గుర్తుకు రావలసింది వీళ్లు. మనలాంటివాళ్లకు ఒడ్డు అంటే ఆదివారం సాయంత్రం. వాళ్లకది పనిచోటు, వల ఎండేసే చోటు, పడవ బాగుచేసుకునే చోటు. ప్రపంచంలో చాలా నగరాలు పాత రేవులను అందంగా తీర్చిదిద్ది, బెంచీలు వేసి, కాఫీ దుకాణాలు పెట్టి, ఆ క్రమంలో చేపల వాసనతో పాటు చేపలవాళ్లనూ బయటికి పంపేశాయి. అలాంటి తెరవడం మాకు వద్దు.

మూయడం వాళ్లను ఎలా తాకుతుందో ఈ తీరం దక్షిణాన చూసింది. గంగవరంలో కొత్త పోర్టు 2009లో మొదలైంది. లోతైన నీళ్లు, పెద్ద ఓడలు, పక్కనే ఉక్కు కర్మాగారం. అక్కడ తరాల తరబడి తెప్పలు దింపిన గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు ఒడ్డుకు దూరమయ్యారు. దిబ్బపాలెం ఊరే కదిలిపోయింది. ఆ ధర్నాలు, ఉద్యోగాల గురించిన ఆ గొడవలు ఏళ్లతరబడి నడిచాయి. ఒక జాలరికి ఇల్లు ఇంకోచోట ఇవ్వవచ్చు, కొలిచి గజాల్లో ఇవ్వవచ్చు. అతని తాత ఏ గాలికి ఏ కెరటం మీద పడవ దింపాలో నేర్పిన ఆ రేవును ఇంకోచోట ఎలా ఇస్తారు?

చట్టం ఈ విషయంలో మూగది కాదు. 1996 చివర్లో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డు సంగతి అది. సముద్రతీరం, పారే నీరు, గాలి, అడవి ఇవి జనానివి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని. ధర్మకర్త అన్న మాట మనకు గుళ్ల దగ్గర బాగా తెలుసు. ఆస్తి దేవుడిది, వాడుక భక్తులది, తాళంచెవి మాత్రం ఆయన దగ్గర. ఆ తాళంచెవితో గుడి మూసేసి ఇది నాదే అంటే ఊరు ఊరుకోదు.

అవతలి ఒడ్డున ఓక్‌లాండ్

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఇప్పుడు మనవాళ్లు వేలల్లో ఉన్నారు. ఫ్రీమాంట్‌లోనో శాన్‌హోసేలోనో ఉండే బంధువుల ఇంటికి వెళ్లినవారిని గోల్డెన్‌గేట్ వంతెన దగ్గరికి తప్పకుండా తీసుకెళ్తారు. ఓక్‌లాండ్ రేవు పక్కన ఉన్న ఒక పార్కుకి తీసుకెళ్లేవారు తక్కువ. నన్నడిగితే ముందు అక్కడికి వెళ్లమంటాను.

1960 ప్రాంతంలో ఆ అఖాతం చుట్టూ వందల మైళ్ల ఒడ్డులో జనం వెళ్లగలిగింది నాలుగైదు మైళ్లకు మించి లేదు. మిగతాదంతా చెత్త పోసి పూడ్చడం, ఫ్యాక్టరీలు, సైనిక స్థావరాలు. 1961లో బర్క్లీలో ముగ్గురు ఆడవాళ్లు, కే కెర్, సిల్వియా మెక్‌లాఫ్లిన్, ఎస్తర్ గూలిక్, ఇంటి కిటికీలోంచి పూడిపోతున్న నీళ్లను చూసి ఉద్యమం మొదలుపెట్టారు. నాలుగేళ్లలో, 1965లో, కాలిఫోర్నియా శాసనసభ అఖాతం మీద అజమాయిషీకి ఒక కమిషన్ వేసింది. ఒడ్డున ఏ కొత్త నిర్మాణం తలపెట్టినా, దానికి తగినట్టు సాధ్యమైనంత మేరకు జనం నీళ్ల దాకా వెళ్లే దారి చూపించాలి. చూపిస్తేనే అనుమతి. చట్టంలో ఉన్న ఆ ఒక్క షరతు మెల్లమెల్లగా అఖాతం ముఖం మార్చేసింది.

ఓక్‌లాండ్ రేవు 1990లలో పెద్దది కావాలనుకుంది. మూతపడిన నౌకాదళ సరఫరా కేంద్రం భూమి చేతికొచ్చింది. కొత్త కంటైనర్ టెర్మినళ్లు కట్టుకుంది. వాటితో పాటే 2004లో, టెర్మినళ్ల మధ్యనే, 38 ఎకరాల పార్కు తెరిచింది. ఊరవతల ఎక్కడో పరిహారంగా ఇచ్చిన తోట కాదది. క్రేన్లు కంటైనర్లు ఎత్తుతుంటే వాటి పక్కనే నడక దారి. చూడడానికి ఒక బురుజు. పిల్లలు దిగే చిన్న ఇసుక ఒడ్డు. ఓడల దారిని 50 అడుగులకు లోతు చేసినప్పుడు తోడిన మట్టితో, ఎదురుగా ఉన్న పాత సైనిక రేవులో చేపలకు, పక్షులకు లోతు తక్కువ నీళ్లను తయారుచేశారు. తోడిన ఇసుక మనదగ్గరా ఉంది, వాళ్లదగ్గరా ఉంది. ఆ పార్కుకి వెళ్లే దారిలో లారీల పక్కనే పోవాలి. భద్రతా నియమావళి అమల్లోకి వచ్చిన ఏడాదే ఆ పార్కూ వచ్చింది. ఈ రెండూ ఒకేచోట ఇమడవని మనకు చెప్పేవారెవరైనా ఉంటే, ఈ తేదీ ఒక్కటి చూపించండి.

అది స్వర్గమేమీ కాదు. పశ్చిమ ఓక్‌లాండ్‌లో రేవు లారీల పొగతో నల్లజాతి పేదలు దశాబ్దాలుగా పోరాడుతున్నారు. అయితే ఆ పొగ ఎక్కణ్నుంచి వస్తోందో వాళ్లకు కనబడుతుంది. వేలు పెట్టి చూపించగలరు.

కనబడితేనే అడుగుతాం

మనకూ దుమ్ము ఉంది. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్, వన్‌టౌన్ మేడల మీద ఆరేసిన బట్టల సంగతి ఆ పేటల్లో ఏ ఇల్లాలినైనా అడగండి. గాలి ఎటు ఉంటే ఆ రంగు: బొగ్గుకు నలుపు, ఖనిజానికి ఎరుపు. ఊరు గొంతెత్తాక రేవు చాలా చేసింది. గుట్టల మీద టార్పాలిన్లు కప్పింది, నీళ్లు చల్లే యంత్రాలు పెట్టింది, కొన్ని సరుకులకు పైకప్పున్న షెడ్లు కట్టింది, చెట్లు నాటింది. ఆ పని నిజంగా సాగుతోందా, ఏ బెర్తులో సాగుతోంది, ఏ రోజు సాగడం లేదు అన్నది గోడకు ఇవతల ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? బట్ట మీద పడ్డాక తెలుస్తుంది.

కనబడని దాన్ని అనుమానిస్తాం, లేదా మరిచిపోతాం. రెండూ రేవుకు మంచివి కావు. ఆ లోపల పైలట్లున్నారు, టగ్గు నడిపేవాళ్లున్నారు, కంటైనర్ల మధ్య కొక్కేలు తగిలించే కూలీలున్నారు, రాత్రి మూడింటికి తాడు అందుకుని బొల్లార్డుకు వేసేవాళ్లున్నారు. వేల ఇళ్లలో పొయ్యి వెలిగించే పని అది. ఆ పనిని వాళ్ల పిల్లలే చూడలేదు. నాన్న ఏం చేస్తాడంటే పోర్టులో అంటారు, అంతే.

నేను కోరేది పెద్దదేం కాదు. బయటి రేవులో దాదాపు 96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబర్‌లో మొదలైంది. రెండువేల మంది ప్రయాణికులకు చాలుతుంది. ఓడ రాని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో దాని నీటి వైపు అరుగును, తనిఖీ చేసే లోపలికి పంపండి, ఆధార్ చూడండి, సంచి వెతకండి, కానీ బడిపిల్లలకు తెరవండి. బీచ్‌రోడ్డు దక్షిణాన ముగిసే కోస్టల్ బ్యాటరీ దగ్గర, ఓడలు రావడం చూసేలా నీడ, మెట్లు, రెయిలింగు, ఏ ఓడ ఎక్కణ్నుంచి ఏం తెస్తోందో రాసే బోర్డు పెట్టండి. ఆ బోర్డు మీదే ఆ రోజు గాలిలో దుమ్ము ఎంతుందో కూడా రాయండి. ఏడాదిలో ఒకరోజు, అక్టోబర్ 7 కన్నా మంచి రోజు ఏముంటుంది, లోపలి రేవు చుట్టూ లాంచీలో ఊరి జనాన్ని తిప్పండి. చేపలరేవును బాగుచేసేటప్పుడు నిప్పు ఆర్పే దారులు, పడవల మధ్య ఎడం, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, చేపలమ్మే కప్పు ముందు. మా నడక దారి తర్వాత. తీరంలో ఏ కొత్త కట్టడానికి అనుమతి ఇచ్చినా, జనం దిగే దారి ఎక్కడ అని నక్షాలో అడిగే ఒక్క వాక్యం చట్టంలో చేర్చండి.

జూన్ 14 రాత్రి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ చేపలరేవు నిండుగా, నిశ్శబ్దంగా ఉంటుంది. పడవలకు రంగులు వేస్తారు, వలలు కుట్టుకుంటారు, ఇంజన్లు విప్పి ఆరబెడతారు. అప్పులు కూడా ఆ రెండు నెలల్లోనే పెరుగుతాయి.

జూన్ 14 రాత్రి ఆ నిశ్శబ్దం పోతుంది. పేటల్లోంచి ఆడవాళ్లు వస్తారు. పసుపు నీళ్లు, కుంకుమ, వేపమండలు, కొబ్బరికాయలు. పడవ ముక్కుకు బొట్టు పెడతారు, గంగమ్మకు దండం పెడతారు. పిల్లలు జెట్టీ అంచున కూర్చుని కాళ్లు నీళ్ల మీదికి వేలాడేస్తారు. ఐసు ఎక్కుతుంది, డీజిలు ఎక్కుతుంది, బియ్యం మూటలు ఎక్కుతాయి. అర్ధరాత్రి దాటగానే మొదటి ఇంజను దగ్గుతుంది. తర్వాత పది, తర్వాత వంద. వరసగా కట్లు విప్పుకుని, కంటైనర్ ఓడ పక్కనుంచి, దాని ఎత్తుకు చీమల్లా, అలకట్టల మధ్య సందులోంచి బయటికి పోతాయి. ఆ పెద్ద ఓడ రెయిలింగు దగ్గర ఎవరో నిలబడి చూస్తుంటారు. ఇటు నుంచి ఒక పిల్ల చెయ్యి ఊపుతుంది. అటు నుంచి టార్చిలైటు రెండుసార్లు వెలిగి ఆరుతుంది.

ఆడవాళ్లు మాత్రం ఆఖరి దీపం డాల్ఫిన్ నోస్ అవతలికి పోయేదాకా జెట్టీ దిగరు.